పద్నాలుగు హెర్ట్జుల పందెం

ఈ ఆఫీసుకి రోజూ ఉత్తరాలు గంపల కొద్దీ వస్తాయి. "ఫలానా హీరోగారి అసలు ఎత్తెంత?" అనేవి సగం. "ఫలానా హీరోయిన్ పెళ్లెప్పుడు?" అనేవి పావు. మిగిలిన పావులో మన "చెవి కబుర్లు" శీర్షికకి దక్కేవి వేళ్ల మీద లెక్కెట్టొచ్చు. అలాంటిదొకటి మొన్న కార్తీకంలో ఉంగుటూరు నించి వచ్చింది. కృష్ణా జిల్లా ఉంగుటూరు కాదండోయ్! తాడేపల్లిగూడేనికీ ఏలూరుకీ నడుమ హైవే మీదుండే ఉంగుటూరు. 2022 దాకా పశ్చిమ గోదావరి జిల్లా, ఆ ఏడాది నించి ఏలూరు జిల్లా. జిల్లా మారినా వాళ్ల "ఆయ్" మాత్రం మారలేదు లెండి.

ఉత్తరం ఇదీ:

"గురువుగారూ! డాలస్‌లో ఉన్న మా అన్నయ్య డబ్బు పంపితే మేడ మీద హోమ్ థియేటర్ కట్టాం. అందులోకో సబ్ వూఫర్ తెచ్చాం. ఖరీదు విన్నదంటే మా అమ్మ మంచం పడుతుందని ఇంట్లో సగమే చెప్పాం. కాగితం మీద 14 హెర్ట్జ్, 125 డెసిబెల్స్, 6000 వాట్లు అని ఉంది. మా బావకి డీజే సెట్టుంది. 'అదంతా ఉత్తిదే, నా డబ్బా ముందు మీది అగ్గిపెట్టె' అంటాడు. షాపాయనేమో 'ఒకటి చాలదు, రెండోది కొంటేగాని గది నిండదు' అంటాడు. రెండోదానికి యాభై వేలు అడ్వాన్సు ఇచ్చేశాం కూడా. కాగితం నిజమా, మా బావ నిజమా? మీరే తేల్చాలి.

తా.క. మా నాన్న ఒకప్పుడు టూరింగ్ టాకీసులో ఆపరేటరు. ఇదంతా ఆయన కోసమే పెట్టాం. ఆయనేమో పది నిమిషాలు కూర్చుని లేచి వెళ్లిపోతున్నాడు."

నిజం చెప్పొద్దూ, ఆ తా.క. లేకపోతే రెండు ముక్కలు జవాబు రాసి ఊరుకునేవాణ్ణే. అది చదివాక ఊరుకోలేకపోయాను. ధనుర్మాసంలో ఓ శనివారం పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలు దిగాను. వెంట మా మేనల్లుడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి సంచీలో కొలిచే మైకు, ల్యాప్‌టాప్, అందులో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఫోన్లో ఏదో యాప్ పెట్టుకుని డెసిబెల్స్ కొలుస్తామనేవాళ్లకి ముందే ఓ మాట. ఫోన్ మైకు మాటల కోసం పుట్టింది. లోతు శబ్దం దగ్గరికొచ్చేసరికి దానికీ చెవుడే.

దారిలో వాడితో కలిసి ఆ కాగితాన్ని చదివాను. మీరూ రండి, కలిసి చదువుదాం.

సబ్ వూఫరంటే మిగతా స్పీకర్లు మొయ్యలేని లోతు గొంతుని మోసే కూలీ. 5.1 అంటాం చూడండి, ఆ చుక్క తర్వాత ఒకటి దీనిదే. చుక్క తర్వాతుంది కదా అని చిన్నచూపు చూడకండి. ఆ చానలుకి మిగతా చానళ్ల కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ మోగే హక్కు ఇచ్చారు.

14 హెర్ట్జ్ అంటే సెకనుకి పద్నాలుగు ఊపులు. బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ 41 దగ్గర ఆగిపోతుంది. పియానోలో ఎడమ చివర మెట్టు 27.5. మనిషి చెవి వినగలిగే అడుగు 20 అని పుస్తకాల్లో రాస్తారు. అంటే 14 మోగినా మోగినట్టుండదు. ఒంటికి తెలుస్తుంది, తలుపులకి తెలుస్తుంది. మరి అంత కిందికి దిగడం ఎందుకంటారా? కొన్ని సినిమాల్లో నిజంగానే ఆ లోతుకి వెళ్లే శబ్దాలున్నాయి. 2014లో వచ్చిన ఎడ్జ్ ఆఫ్ టుమారో మొదట్లోనే, కథ మొదలవకముందే, అలాంటివి వినబడతాయి. వినబడతాయి అనకూడదేమో, తగుల్తాయి.

ఇక్కడో కష్టం ఉంది. తాటాకు విసనకర్ర తీసుకుని గబగబా ఊపండి. చిన్నగా ఊపినా చప్పుడొస్తుంది. ఇప్పుడు అదే చప్పుడు నిదానంగా ఊపి తెప్పించండి చూద్దాం! విసనకర్ర గుమ్మమంత ఉండాలి. స్పీకరు కోను సంగతీ అంతే. 40 హెర్ట్జ్ దగ్గర ఎంత మోగిందో 20 దగ్గర అంతే మోగాలంటే నాలుగింతల గాలి తొయ్యాలి. 10 దగ్గరైతే పదహారింతలు. పై డబ్బంతా పోయేది అందుకే. 25 దాకా వెళ్లే పెట్టెకీ 14 దాకా వెళ్లే పెట్టెకీ తేడా పదకొండు హెర్ట్జులే కదా అనుకుంటాం. ఖరీదులో తేడా స్కూటరుకీ కారుకీ ఉన్నంత!

దానికి తోడు మన చెవి చేసే మోసం ఒకటి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దాన్ని కొలిచి గీతలు గీశారు. 1000 హెర్ట్జ్ దగ్గర సున్నా డెసిబెల్స్ చుట్టుపక్కలే వినబడిపోతుంది. 20 హెర్ట్జ్ దగ్గర 75 దాటితేగాని అసలు వినబడనే వినబడదు. కాబట్టి కాగితం మీద 14 అని రాసి, ఆ 14 దగ్గర ఎంత గట్టిగా మోగుతుందో రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు. "మా వాడు పరీక్షకి వెళ్లాడు" అని చెప్పి మార్కులు చెప్పకపోవడం లాంటిదే.

ఇక వాట్లు. టేప్ రికార్డర్ల మీద "పీఎంపీఓ 1000 వాట్లు" అని మెరుపు కాగితం అంటించిన రోజులు మీ నాన్నల్ని అడగండి. ఆ జబ్బు ఇంకా పోలేదు, కాస్త పెద్దింటి వేషం వేసుకుంది అంతే. మన గోడ ప్లగ్గులో 230 వోల్టులు. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గయినా 3680 వాట్లు మించి ఇవ్వలేదు. మామూలు 6 ఆంపియర్లదైతే 1380. మరి 6000 ఎక్కణ్ణించి ఊడిపడింది? కెపాసిటర్లలో దాచుకున్నది రెప్పపాటులో గుమ్మరిస్తే వచ్చే అంకె అది. ఉరుములాంటి శబ్దానికి రెప్పపాటూ అవసరమే, కాదనను. కానీ దాన్ని చూసి డబ్బు తియ్యకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది ముచ్చటగా 3 డెసిబెల్స్!

"అంటే కాగితం అబద్ధమేనా మావయ్యా?" అన్నాడు మావాడు.

"అబద్ధమని ఎవరన్నారు? సగం చెప్పి ఆగిందంతే. మిగతా సగం మనం వినాలి," అన్నాను.

ఈ పిచ్చి ఇప్పటిది కాదు మరి. 1974లో ఎర్త్‌క్వేక్ అనే హాలీవుడ్ సినిమాకి సెన్సరౌండ్ పేరుతో హాళ్లలో భారీ స్పీకర్లు దింపి భూకంపం "చూపించారు". లాస్ ఏంజెలిస్ చైనీస్ థియేటర్లో సీలింగు పెచ్చులు జనం మీద పడతాయేమోనని కింద వల కట్టారట. 1990ల నడుమ బాబ్ కార్వర్ అనే అమెరికన్ ఇంజనీరు పదకొండంగుళాల పెట్టెలో 2700 వాట్లు ఇమిడ్చి ఇంటి సబ్ వూఫర్ల కథే మార్చేశాడు. ఇంకా ముదిరినవాళ్ల కోసం బ్రూస్ థిగ్‌పెన్ అనే ఆయన కోనే లేకుండా ఫ్యాను రెక్కలతో వూఫర్ చేశాడు. ధాన్యం తూర్పారబట్టే ఫ్యాను గుర్తొస్తోంది కదూ! ఇది అక్కడే తిరుగుతూ రెక్కల వాలు మాత్రం శబ్దాన్ని బట్టి అటూ ఇటూ మారుస్తుంది. సెకనుకి ఒక్క ఊపు దాకా దిగుతుంది. దాని వెనక భాగానికి మాత్రం ఇంకో గదంత చోటు ఇవ్వాలి.

సరే, ఉంగుటూరు చేరాం. టిఫినులో పెసరట్టూ ఉప్మా. వాళ్లమ్మగారు "అన్నయ్యగారూ, ఇంకోటి వేయించుకోండి" అంటూ మూడోది వేసేశారు. ఇంతలో బావ దిగాడు. ట్రాక్టరు తొట్టిలో అతని డబ్బా. పద్ధెనిమిదంగుళాల కోన్లు రెండు, నల్ల రంగు, ముందు ఇనప జాలీ. పెళ్లిళ్లూ, జాతర్లూ, వినాయకుడి నిమజ్జనాలూ చూసి చూసి మూలలు అరిగిపోయిన పెట్టె.

"ఎక్కడ పెట్టమంటారండీ? మేడ మీదా?" అన్నాడు మీసం దువ్వి.

"కాదు బాబూ, కళ్ళంలో."

అందరూ నా మొహం చూశారు. సంగతేంటంటే, గదిలో కొలిస్తే పెట్టె ఎంత, గది ఎంత అనేది విడదీయలేం. గోడ లేని చోట, చుట్టూ ఖాళీగా ఉన్న చోట కొలవాలి. అమెరికాలో 2006లో సీఈఏ-2010 అని ఓ కొలత పద్ధతి పెట్టారు. ఒక్కో స్వరానికీ ఆరున్నర ఊపుల చిన్న చిన్న దెబ్బలు కొట్టి, శబ్దం చెడిపోకుండా ఎంత పైకి వెళ్తుందో చూస్తారు. 125 డెసిబెల్స్ అని ఊరికే రాసిన కాగితం కంటే ఈ పద్ధతిలో 20 దగ్గర ఎంత, 31 దగ్గర ఎంత అని విడివిడిగా రాసిన కాగితం మేలు. అంత పెద్ద ఎత్తున కాకపోయినా ఆ దారినే మేమూ పోయాం. సార్వా కోతలైపోయాయి, ధాన్యం మిల్లుకెళ్లిపోయింది, దాళ్వా నాట్లు ఇంకా మొదలవలేదు. కళ్ళం చదునుగా, బోసిగా ఉంది. మోటారు షెడ్డు నించి వైరు లాగాం.

మేడ మీంచి ఆ ఖరీదైన పెట్టెని దించడానికి నలుగురు పట్టారు. ధాన్యం బస్తా కంటే ఐదారు కిలోలు ఎక్కువే ఉంటుంది. మైకుని నేలకి ఆనించి, రెండు మీటర్ల దూరంలో పెట్టాం.

ముందు బావ డబ్బా. 50 హెర్ట్జ్ కొట్టగానే గట్టు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. మీటరు మీద 124! పక్క పొలంలో పనిచేసుకుంటున్నాయన తలపాగా విప్పి చెవులకి చుట్టుకున్నాడు. బావ కాలరెగరేశాడు. తర్వాత మా కుర్రాడి పెట్టె. అదే 50 దగ్గర 118. బావ నవ్వు ఇంకాస్త విచ్చుకుంది. "చెప్పానాండీ? ఆయ్!"

40 దగ్గరా బావదే పైచెయ్యి. 31కి వచ్చేసరికి ఇద్దరూ భుజం భుజం. అక్కణ్ణించి కథ అడ్డం తిరిగింది. 20 కొట్టాం. బావ డబ్బా కోన్లు అరచెయ్యంత మేర ముందుకీ వెనక్కీ కొట్టుకుంటున్నాయి. ఎక్కడ ఊడి బయటపడతాయోనని భయం వేసింది. శబ్దం మాత్రం ఏదో గురగురలాడుతోంది.

"మోగుతోందిగా!" అన్నాడు బావ.

మేనల్లుడు ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. 20 దగ్గర చిన్న దిబ్బ. 40 దగ్గర దానికంటే పెద్ద దిబ్బ. 60 దగ్గర ఇంకోటి. అంటే మేం అడిగింది 20, అది పలికింది 40. హీరో దూకాల్సిన చోట డూపు దూకేశాడన్నమాట! ఇలాంటి డూపుల్ని చెవి ఇట్టే నమ్మేస్తుంది, ఎందుకంటే 40 దానికి బాగా వినబడుతుంది, 20 సరిగ్గా వినబడదు. అందులో బావ తప్పేం లేదు. ఆ డబ్బా గూడు కట్టిందే 40 కోసం. అంతకంటే కిందికి దింపితే లోపలి గాలి కోనుని పట్టి ఉంచదు. వీధిలో వెయ్యి మందిని గెంతించడానికి 40 చాలు, ఇంకా చెప్పాలంటే 50 చాలు.

కుర్రాడి పెట్టె 20 దగ్గర 108 చూపించింది. డూపు లేదు, స్వరం శుభ్రంగా ఉంది. చెవికి అంత గొప్పగా అనిపించలేదు, నిజమే. కానీ కళ్ళం పక్కన గిలకబావి మీద బోర్లించిన చేద టకటకమని వణకడం మొదలెట్టింది. వెళ్లిన కొంగలు వెనక్కొచ్చి మళ్లీ వాలాయి, వాటికేం పట్టలేదు.

చివరికి 14. కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మోగింది... 92. ఎంత పెంచినా అంతే. పెట్టెలోని రక్షణ చక్రం "ఇక చాలు" అని ఆపేస్తోంది. 14 దగ్గర 92 అంటే వినబడీ వినబడని గీత మీద నిలబడ్డట్టు.

"గురువుగారూ, 125 అన్నాడండీ!"

లెక్క చెప్పాను. మేం రెండు మీటర్ల దూరంలో కొలిచాం. కాగితంవాడు ఒక మీటరు దూరంలో కొలిచి ఉంటాడు. దూరం సగమైతే 6 డెసిబెల్స్ పెరుగుతాయి. 50 దగ్గర మాకొచ్చిన 118కి ఆరు కలిపితే 124. కాగితంలో ఉన్నది 125. ఇంచుమించు అక్షరాలా నిజం! నెమ్మదిగా మోగించి చూస్తే 18 దాకా గీత చదునుగా ఉంది, 14 దగ్గర 6 డెసిబెల్స్ దిగింది. మాన్యువల్ చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో "మైనస్ 6" అని ఉంది కూడా. అదీ నిజమే!

14 నిజం, 125 నిజం. కానీ రెండూ ఒకేసారి నిజం కావు. పాతకాలం ద్విపాత్రాభినయం సినిమాల్లో చూడండి, అన్నాదమ్ముడూ ఇద్దరూ ఉంటారు, ఒక ఫ్రేములో మాత్రం కనబడరు. ఈ కాగితమూ అంతే. పేరున్న ఖరీదైన పెట్టెలు పచ్చి అబద్ధం ఆడటం తక్కువ. రెండు నిజాల్ని పక్కపక్కన నిలబెట్టి మూడోది మనచేత ఊహింపజేస్తాయి. అందుకని షాపులో "ఎంత లోతు?" అని కాదు, "ఆ లోతులో ఎంత గట్టిగా? ఎంత దూరంలో? గదిలోనా, బయటా?" అని అడగండి. జవాబు రాకపోతే మంచినీళ్లు తాగి వచ్చెయ్యండి.

అయినా నా తీర్పు అడిగారు కాబట్టి చెప్తున్నా, ఆ పెట్టె గట్టిదే. 20 దగ్గర శుభ్రంగా 108 తియ్యడం ఆషామాషీ కాదు. పందెంలో సగం బావది, సగం కుర్రాడిది. కొరమీను పులుసు ఖర్చు చెరిసగం వేసుకోమన్నాను.

మళ్లీ మేడెక్కించాం. అసలు చిక్కు అక్కడుంది.

గది ఇరవై అడుగుల పొడవు, పదిహేను వెడల్పు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన శ్లాబు, కింద గ్రానైటు. సోఫాని సరిగ్గా గది మధ్యలో వేశారు, రాజుగారి సింహాసనంలా. 20 హెర్ట్జ్ అల పొడవెంతో తెలుసా? 17 మీటర్లు! గది కంటే అల పెద్దది. అలాంటప్పుడు గోడల మధ్య కొన్ని స్వరాలు ఇరుక్కుని, గోడల దగ్గర ఉబ్బి, మధ్యలో చచ్చిపోతాయి. ఇరవై అడుగుల గదిలో అలా మధ్యలో చచ్చే మొదటి స్వరం 28 హెర్ట్జ్. లక్షలు పోసి కొన్న పెట్టె 28ని బ్రహ్మాండంగా పలుకుతుంటే, ఆ సింహాసనం మీద కూర్చున్నవాడికి అది చేరదు. కొలిస్తే అక్కడ 15 డెసిబెల్స్ గొయ్యి.

అమెరికాలో ఇళ్లు చెక్క చట్రాలకి పలకలు బిగించి కడతారు. లోతు శబ్దం సగం గోడల్లోంచి జారిపోతుంది. మన ఇటుక గోడలు దాన్ని పోనివ్వవు. లాభం ఏంటంటే బయట 92 చూపించిన 14 ఈ గదిలో వందకి వచ్చింది, పెట్టె ఇవ్వనిది గది ఇచ్చింది. నష్టం ఏంటంటే గోతులూ దిబ్బలూ మనకి మరీ ఎక్కువ. సోఫాని నాలుగడుగులు వెనక్కి లాగాం. పెట్టెని సోఫా స్థానంలో పెట్టి మోగిస్తూ, మేనల్లుడు గోడ వారన మోకాళ్ల మీద పాకాడు. బేస్ ఎక్కడ నిండుగా వినబడితే అక్కడ పెట్టెకి చోటన్నమాట. వాడి పాకుడు చూసి అమ్మగారు "పాపం, ఏం పోగొట్టుకున్నాడండీ?" అన్నారు. పైసా ఖర్చు లేకుండా గొయ్యి మూడొంతులు పూడింది.

ఇంతలో నాన్నగారు పైకొచ్చారు. గుమ్మంలోనే నిలబడి గోడకి అరచెయ్యి ఆనించి రెండు నిమిషాలు ఉన్నారు. "ఇది కిటికీ రెక్క. ఇది అటక మీద గుండిగ. అదిగో, ఆ టకటకా ఫ్యాను కప్పు." మా మైకు పట్టని మూడు దొంగ చప్పుళ్లని చేత్తో పట్టేశారు! ఆపరేటరంటే మాటలా? ఫిల్ము అంచున సౌండు గీత, దాని వెనక చిన్న దీపం, ఫోటోసెల్లు... దీపం మసిబారితే హీరో గొంతు బొంగురుపోతుందని చెవితో పసిగట్టిన రోజులవి. 1986లో సింహాసనం వచ్చినప్పుడు, తెలుగులో మొదటి 70 ఎంఎం, ఆరు ట్రాకుల సౌండు కదా, బెజవాడ పోయి వరసగా రెండాటలు చూసొచ్చారట. ఒకటి తెరకేసి, ఒకటి స్పీకర్లకేసి!

మరి అలాంటి మనిషి పది నిమిషాల్లో ఎందుకు లేచిపోతున్నట్టు?

డాబా మీద పిట్టగోడ దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను. హైవే మీద లారీలు చూస్తూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు. "మాటలు అందట్లేదు బాబూ. బొమ్మ తెలుస్తోంది, ఆ గుమ్ గుమ్ తెలుస్తోంది. మాట తెలియట్లేదు. పిల్లలు అంత డబ్బు పోశారు. ఎలా చెప్పేది?"

వయసుతో ముందు పోయేది పై స్వరాల వినికిడి. స, త, ష లాంటి అక్షరాలు అక్కడే ఉంటాయి. కింది స్వరాలు చాలాకాలం నిలుస్తాయి. దానికి తోడు బేస్ మరీ గట్టిగా మోగితే పైన ఉన్న మాటల్ని కప్పేస్తుంది. చెవి తీరే అంత. రిసీవర్ తెరిచి చూస్తే ఏముంది, కుర్రాడు సబ్ వూఫర్‌ని ఉండాల్సిన దానికంటే 10 డెసిబెల్స్ పైన పెట్టాడు! అంత పెట్టి కొన్నది వినబడాలిగా మరి! ఏడు తగ్గించాం. మాటలొచ్చే మధ్య స్పీకరుని మూడు పెంచాం. ఆర్ఆర్ఆర్‌లో బ్రిడ్జి సీను పెట్టాం. ఆయన సోఫా అంచున కూర్చున్నారు. పది నిమిషాలు దాటింది. ఇరవై దాటింది. వెనక్కి జారగిలబడ్డారు.

ఆ తర్వాత ఆయన అడిగితే శంకరాభరణం వేశాం. అంత పెట్టే నోరెత్తలేదు. 1980 నాటి సౌండు కదా, ఆ లోతులో దానికి పనేం లేదు. మంచి రసికుడిలా ఓ మూల చేతులు కట్టుకు కూర్చుంది. సినిమా అవగానే పెద్దాయన "ఇందాకటి రైలు సీను ఇంకోసారి వెయ్యరా" అన్నారు. బావ పగలబడి నవ్వాడు. "మామగారూ, మీరు నా పార్టీయేనండీ!" "ఉండండి అల్లుడుగారూ, మాట వినబడనివ్వండి," అన్నారాయన.

ఇక రెండో పెట్టె సంగతి. షాపాయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. రెండు సబ్ వూఫర్లని ఎదురెదురు గోడల మధ్యన పెడితే గది మొత్తం బేస్ సమానంగా పరుచుకుంటుంది. కానీ అది రెండు వరసల సీట్లున్నవాళ్లకి. ఆ మాటకొస్తే ఈ ఒక్క రాక్షసి బదులు మొదట్లోనే సగం ఖరీదువి రెండు తీసుకుని ఉండాల్సింది. వీళ్లింట్లో ఉన్నది ఒక సోఫా, దాని మీద ఒక పెద్దాయన. అడ్వాన్సు వెనక్కి అడగమన్నాను. యాభైలో నలభై వచ్చిందట, అదే పదివేలు.

అందులోంచే కొన్ని వందలు తీసి నాన్నగారికి ఏలూరులో వినికిడి పరీక్ష చేయించమన్నాను. సరదాకి బావనీ కూర్చోబెట్టమన్నాను. సంక్రాంతి వెళ్లాక మళ్లీ ఉత్తరం వచ్చింది, లోపల రెండు ఆడియోగ్రాములు. బావది చూసి నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లు నిండలేదు, 4000 హెర్ట్జ్ దగ్గర రెండు చెవులకీ గొయ్యి. శబ్దం దెబ్బ ముందు పడేది అక్కడే, అది పూడదు. ఇప్పుడు జాతర్లకి చెవుల్లో బిరడాలు పెట్టుకుని వెళ్తున్నాడట.

నాన్నగారిది 250 నించి 1000 దాకా చదునుగా వచ్చి, 2000 దగ్గర కిందికి తిరిగి, 8000 దగ్గర పాతాళానికి దిగింది. ఆ కాగితం కింద ఆయన స్వహస్తాలతో రాసి పంపిన ముక్క ఇదీ: "బాబూ, ఇది నా స్పెసిఫికేషను. ప్లస్సూ మైనస్సూ అన్నీ రాశారు, ఏదీ దాచలేదు. వారంటీ మాత్రం అయిపోయిందన్నారు. మిషను పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. సింహాసనం మంచి కాపీ ఎక్కడైనా దొరుకుతుందా?"

పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే ఈ శీర్షికకి ఓ కార్డు ముక్క రాయండి.